ఇద్దరు మోసే పడవ

మన సంఘంలో గ్రీన్‌హౌస్‌లో గోంగూర పండించేవాళ్ళున్నారు. గరాజ్‌లో హార్మోనియం విప్పి మళ్ళీ బిగించేవాళ్ళున్నారు. షెడ్డులో పాత కారు విప్పి పదేళ్ళుగా బిగించలేక అవస్థ పడుతున్న డాక్టరుగారొకరున్నారు (పేరు చెప్పను, వారి శ్రీమతి ఈ పత్రిక చదువుతారు). పడవ కట్టినవాళ్ళు మాత్రం నాకు తెలిసినంతలో ఎవరూ లేరు. నిరుడు వేసవిలో నేనొకటి కట్టాను. ఎనిమిది అడుగుల లోపు పొడుగున్న చిన్న దోనె. ఇంగ్లీషువాళ్ళు డింగీ అంటారు. ఆ మాట వాళ్ళ సొంతమేమీ కాదు. హిందీ, బెంగాలీ మాటల్లోంచి ఎత్తుకొచ్చిందే. కాబట్టి మనది మనం తిరిగి తెచ్చుకున్నాం అనుకుంటే తప్పులేదు.

మేముండేది నార్ఫోక్‌లో. ఇంటి నించి అరగంట కారు ప్రయాణంలో బ్రాడ్స్ అనే నీటి ప్రదేశం ఉంది. సన్నని నదులు, వాటికి ఆనుకుని లోతు తక్కువ సరస్సులు. ఇవి దేవుడిచ్చినవనే చాలాకాలం అందరూ అనుకున్నారు. మధ్యయుగాల్లో జనం పొయ్యిలోకి పీట్ గడ్డ తవ్వుకుంటే ఏర్పడిన గోతులివి, తర్వాత నీళ్ళు ఎక్కి నిండిపోయాయి అని 1950లలో పరిశోధకులు రుజువు చేశారు. అంటే ఒకవిధంగా మన చెరువుల్లాంటివే, మనుషులు తవ్వినవే. నేను ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యేదాకా వాటిని కారు కిటికీలోంచి చూశానంతే. వేసవి సెలవులకి వచ్చే మా మనవరాలికి పదకొండేళ్ళు. "తాతయ్యా, నీళ్ళ పక్కన ఇల్లు పెట్టుకుని పడవ లేకపోవడమేంటి?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

కొనుక్కోవచ్చు కదా అని మీరంటారు. వెళ్ళి చూశాను. ఆ పొడుగుండే ఫైబర్‌గ్లాసు దోనెలు చాలామటుకు నలభై కిలోలు దాటుతాయి. అవి కారెక్కాలంటే ట్రెయిలర్ కావాలి, ట్రెయిలర్ ఉంటే దాన్ని పెట్టుకునే జాగా కావాలి. ఇవన్నీ అమరినా, నీళ్ళ దగ్గర దాన్ని దింపే చేతులు కావాలి. నా దృష్టిలో పడవ డిజైన్ మొదలయ్యేది ఇక్కడే. పొడుగెంత, వెడల్పెంత, తెరచాప ఉందా లేదా అన్నవి తర్వాతి ప్రశ్నలు. మొట్టమొదటి ప్రశ్న, దీన్ని ఎత్తడానికి ఎన్ని చేతులున్నాయి?

మాది గోదావరి లంక గ్రామం. అక్కడ పడవ ఒడ్డుకి లాగాలంటే ఒక కేక వేస్తే చాలు. పేకాడుకునేవాళ్ళు పేక పక్కన పెట్టి వచ్చేవారు, బడికెళ్ళే పిల్లలు పలకలు ఇసకలో పడేసి వచ్చేవారు. పదిమంది చేతులు పడితే పడవ బరువెంతో ఎవడికీ తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. ఇక్కడ మా పక్కింటి పెద్దాయన చాలా మంచివాడు, పిలిస్తే తప్పకుండా వస్తాడు. కాని పిలవాలి. ముందురోజు అడగాలి, వాన వస్తే మళ్ళీ ఫోను చేసి చెప్పాలి, ఆ తర్వాత ఓ కేకు పట్టుకెళ్ళాలి. ప్రతిసారీ ఇంత తతంగమైతే రెండుసార్లు నీళ్ళలో దిగాక ఆ పడవ గరాజ్‌లో బట్టలు ఆరేసుకునే దండెమవుతుంది. మా ఇంట్లో ఏడాది పొడుగునా ఉండే చేతులు నాలుగు. నావి రెండు, మా ఆవిడవి రెండు.

అంచేత మా ఆవిడ ఎంత బరువు మొయ్యగలదో తేల్చుకోవడంతో పని మొదలైంది. వంటింట్లో పది కిలోల బియ్యం సంచి ఉంది. అది ఎత్తమన్నాను. ఎత్తింది. దాని మీద కందిపప్పు కిలో, మళ్ళీ కిలో, మళ్ళీ కిలో పెట్టాను. పదమూడు దగ్గర "ఇంక చాలండీ, నడుం పట్టేస్తుంది" అంది. సరే, ఆమె పదమూడు, నేను పదమూడు, మొత్తం 26 కిలోలు. పడవ ఆ లోపల ఉండాలి. మనవాళ్ళకి ఈ అంకె చేతికే తెలుస్తుంది. ఇండియా వెళ్ళేటప్పుడు విమానం వాళ్ళు ఇచ్చే 23 కిలోల పెట్టె ఒకటి, దాని మీద మూడు ఆవకాయ సీసాలు. ఇండియాలో నిండు గ్యాస్ సిలిండరు దీనికన్నా బరువు.

ఇంతకీ ఇదంతా ఎందుకని ఆమె అడిగింది. చెప్పాను. పప్పు డబ్బాలో పోసుకుంటూ, "మోస్తాను గాని ఎక్కను" అంది.

ఆమెది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకు పదిహేనేళ్ళు. వీళ్ళ ఊరు సముద్రానికి దూరం కాబట్టి వీళ్ళు బతికారు. సముద్రం దగ్గరి పల్లెలో ఉన్న మేనత్త, ఆవిడ ఇంట్లో ఉన్నవాళ్ళూ పోయారు. అధికారులు చెప్పిన లెక్కలోనే చనిపోయినవాళ్ళు పదివేలకి అటూ ఇటూ. మా పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆమె ఆ సంగతి మాట్లాడింది తక్కువ. కాని మేం ఏ సముద్రతీరానికి వెళ్ళినా ఆమె కారు పార్కు దాటి రాదు. పిల్లలు చిన్నప్పుడు ఇసకలో ఆడుకుంటుంటే, వాళ్ళని కాదు, వాళ్ళ వెనకున్న నీళ్ళని చూస్తూ కూచునేది. ఇది తెలిసీ పడవ కడతానన్నాను. ఆమె వద్దనలేదు. అంతకంటె ఎక్కువ నేను అడగలేదు.

తేలిక పడవలు కొత్త విద్య కాదు. కృష్ణలోనూ తుంగభద్రలోనూ పుట్టి ఉంది కదా. వెదురు బుట్ట అల్లి, దానికి తోలు చుట్టేవారు. తర్వాత్తర్వాత తారు పూసిన గుడ్డ వచ్చింది. రేవులో జనాన్ని దాటించే పెద్ద పుట్లు వేరు. చేపలు పట్టేవాడి చిన్న పుట్టి, పని అయిపోయాక వాడు వీపు మీద బోర్లించుకుని ఇంటికి పోగలిగినంత ఉంటుంది. ఈ దేశంలోనూ ఇదే బుద్ధి పుట్టింది. వేల్స్‌లో తైవీ నది మీద కారకల్ అనే బుట్ట పడవని ఇప్పటికీ వీపున వేసుకుని నడిచే మనుషులున్నారు. దూరం నించి చూస్తే తాబేలు లేచి నడుస్తున్నట్టుంటుంది. రెండు చోట్లా కొలత ఒకటే, ఒక మనిషి వీపు.

నా దోనెకి దారి చూపించింది మాత్రం పక్కింటి పెద్దాయన. ఆయన కుర్రతనంలో మిర్రర్ డింగీ కట్టాడు. 1963లో డెయిలీ మిర్రర్ పత్రిక వాళ్ళు సామాన్యుడు ఇంట్లో కట్టుకోగల పడవని బజారులోకి తెచ్చారు. టెలివిజన్‌లో ఇంటి మరమ్మతులు నేర్పే బ్యారీ బక్నెల్, పడవల డిజైనర్ జాక్ హోల్ట్ కలిసి రూపొందించారు. పది అడుగుల పది అంగుళాల పొడుగు, ఎర్ర తెరచాప. కిట్టు ధర 63 పౌన్ల 11 షిల్లింగులు. డెబ్భై వేలకి పైగా తయారయ్యాయి, ఎన్నో గరాజుల్లో, ఎన్నో వెనక తోటల్లో. అంతకు ముందు పడవ కట్టాలంటే వెన్నుగాడి, పక్కటెముకలు అన్నీ నిలబెట్టి, వాటికి పలకలు ఒంచి బిగించాలి. అది వడ్రంగం బాగా వచ్చినవాడి పని. మిర్రర్‌లో ఆ అస్థిపంజరం లేదు. ప్లైవుడ్ ముక్కలు కత్తిరించి, అంచుల్లో బెజ్జాలు పెట్టి, రాగి తీగతో కుట్టి, లోపలా బయటా గాజు నార పట్టీ వేసి జిగురుతో అతికించడమే. పెద్దాయన ఈ సంగతి చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. పడవని కుట్టడం మన కోరమాండల్ తీరానికి కొత్తా! మసూలా పడవలు అట్లా కుట్టినవే. పలకలకి బెజ్జాలు చేసి, కొబ్బరి పీచు తాడుతో బిగించి కుడతారు. మేకుండదు, పక్కటెముకుండదు. అలల దెబ్బకి బిర్రుగా ఉన్న పడవైతే పగిలేది. ఇది మాత్రం బుట్టలా ఒంగి మళ్ళీ సర్దుకుంటుంది. మద్రాసుకి రేవు కట్టకముందు ఓడల్లోంచి దిగిన దొరలందర్నీ, వాళ్ళ పెట్టెలతో సహా, ఆ అలల మీద ఒడ్డుకి చేర్చింది ఈ కుట్టు పడవలే. మసూలా అన్న పేరు మచిలీపట్నం నించి వచ్చిందని కొందరంటారు, కొందరు ఒప్పుకోరు. కృష్ణా జిల్లా ఆవిడని పెళ్ళాడినవాణ్ణి కాబట్టి నేను మొదటి పక్షం.

ఇక కొలతలు. ప్లైవుడ్ షీటు ఎనిమిది అడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు. పడవ ఎనిమిది అడుగులు దాటితే రెండు ముక్కల్ని అతకాలి. దాటకపోతే అతుకు లేదు, అతుకు బరువూ లేదు. అందుకని 2.4 మీటర్లు. ముందు కొస మొనగా కాకుండా మొద్దుగా కోసేశాను. మొన అందంగా ఉంటుంది గాని, ఇంత చిన్న పడవలో మొన అంటే మనిషి కూచునే చోటు పోగొట్టుకోవడమే.

నీళ్ళలో ఎంత దిగుతుందన్నది ఆర్కిమెడీస్ లెక్క, ఎనిమిదో తరగతి పిల్లవాడు చేసేదే. నీటి మట్టం దగ్గర మా దోనె వైశాల్యం దాదాపు 1.6 చదరపు మీటర్లు. అంటే ఒక సెంటీమీటరు దిగడానికి 16 లీటర్ల నీటిని తొయ్యాలి. ఒక సెంటీమీటరుకి పదహారు కిలోలు. నేను 72, మనవరాలు 34, పడవ 26, తెడ్లూ జాకెట్లూ కలిపి 5. మొత్తం 137 కిలోలు, ఎనిమిదిన్నర సెంటీమీటర్లు దిగుతుంది. పక్క గోడ ఎత్తు 40 సెంటీమీటర్లు పెట్టాను కాబట్టి నీటి పైన ఇంకా అడుగు మిగులుతుంది. ఈ లెక్క మనవరాలి చేతే చేయించాను. "అంటే నేను రెండు సెంటీమీటర్లన్నమాట" అంది. ఆ వేసవంతా ఇంటికొచ్చినవాళ్ళందర్నీ సెంటీమీటర్లలో కొలిచింది. మా అల్లుడు ఐదు దాటాడు.

కష్టమంతా చెక్క మందంతో. నాకు దొరికిన గబూన్ చెక్క ప్లైవుడ్ నాలుగు మిల్లీమీటర్లది షీటుకి ఆరు కిలోల లోపు. ఆరు మిల్లీమీటర్లది తొమ్మిదికి దగ్గర. బరువు ఒకటిన్నర రెట్లే, కాని బిగువు మందానికి ఘనంగా పెరుగుతుంది. అంటే ఆరు మిల్లీమీటర్ల రేకు నాలుగుదాని కన్నా దాదాపు 3.4 రెట్లు బిర్రుగా ఉంటుంది. పలచటిది వాడితే అడుగు పెట్టగానే కుంగుతుంది. మందపుది వాడితే మా ఆవిడ పదమూడు కిలోలు దాటిపోతుంది. దీనికి జవాబు చెక్కలో లేదు, ఒంపులో ఉంది. చదునైన కాగితం అంచు పట్టుకుంటే వాలిపోతుంది. కాస్త దోసిలిలా ఒంచి పట్టుకోండి, నిటారుగా నిలబడుతుంది. చేటని చూడండి. వెదురు పేళ్ళతో అల్లిన అంత పలచటి వస్తువు, రెండు కిలోల బియ్యం పోసి చెరిగినా ఒంగదు. ఎందుకని? వెనక్కి ఒంపు ఉంది, అంచుకి బద్ద కట్టి ఉంది. నా దోనె సూత్రం అంతే, ఒంచిన పలచటి రేకులు, అంచున బద్ద.

ప్లైవుడ్ ఒక పక్కకే ఒంగుతుంది. కిళ్ళీ పొట్లంలా చుట్టుకుంటుంది గాని పూరీలా పొంగదు. ఏ ఆకారం వస్తుందో, ఏది రాదో కాగితం మీద గీతల్లో తెలియదు. పదో వంతు నమూనా చేసి చూడాలి. పదో వంతంటే నాలుగు మిల్లీమీటర్ల చెక్కకి 0.4 మిల్లీమీటర్ల అట్ట కావాలి. ఇల్లంతా వెతికితే సరిగ్గా ఆ మందం తగిలింది పెళ్ళి శుభలేఖల్లో. మనవాళ్ళ శుభలేఖలు ఏటేటా లావెక్కుతున్నాయి గనక కొరత లేదు. ఐదు నమూనాలు చేశాం. ఒకదాని పక్కన బంగారు రంగు వినాయకుడు, ఇంకోదాని అడుగున "విందు: రాత్రి 7 గంటలకు". ఐదోది నచ్చింది. అడుగు ఒకటి, వాలు పలకలు రెండు, పక్క గోడలు రెండు, ముందొక మూత, వెనకొక మూత.

ఆ నమూనా విప్పి చదును చేసి బల్ల మీద పెడితే మా ఆవిడ అటుగా వచ్చి నిలబడింది. ఇరవై ఏళ్ళు ఇంట్లో జాకెట్లు కుట్టిన మనిషి. "ఇది ఒట్టి జాకెట్టు కత్తిరింపేగా. చదును గుడ్డ ఒంటి మీద ఒంపు తిరగాలంటే ఎక్కడ కొయ్యాలో అదే కదా" అంది. తర్వాత, "రెండు పక్కలూ విడివిడిగా కొయ్యకండి. చేతులు కత్తిరించేటప్పుడు రెండు మడతలూ కలిపి ఒక్కసారే కత్తిరిస్తాం. అప్పుడే రెండూ ఒక్కలాగుంటాయి" అంది. షీట్లు ఒకదాని మీదొకటి పెట్టి, పెద్దాయన ఎరువిచ్చిన క్లాంపులతో బిగించి, ఒకే రంపపు కోతలో రెండు పక్కలూ కోశాం. దోనె సూటిగా పోవడానికి మొదటి కారణం అదే. కోసేముందు ప్లైవుడ్ తునక ఒకటి పాత ఇడ్లీ పాత్రలో గంటసేపు ఉడకబెట్టాను. పొరలు విడిపోతే అది పడవకి పనికిరాదు. విడిపోలేదు. ఆ పాత్ర మాత్రం మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు.

కుట్టడం మనవరాలి పని. పది సెంటీమీటర్లకొక బెజ్జం, పాత కరెంటు తీగలోంచి తీసిన రాగి. బయట నించి మెలి పెడుతూ పోతే ఆ చదును రేకులు మెల్లగా లేచి, మధ్యాహ్నానికల్లా గరాజ్‌లో పడవ ఆకారం నిలబడింది. అంతదాకా ఊరికే చూస్తున్న అల్లుడు కూడా ఫోను జేబులో పెట్టుకుని దగ్గరికొచ్చాడు.

ఎపాక్సీ జిగురు గురించి కొంచెం చెప్పాలి. రెండు సీసాల్లో వస్తుంది, సీసా మీద చెప్పిన పాళ్ళలో కలిపితే గట్టిపడుతుంది. చలిలో గట్టిపడదు, అందుకే జూన్. కలిపింది చెంబులో ఉంచితే తన వేడికి తనే కాగి పొగలొస్తుంది. వెడల్పు పళ్ళెంలో పరిస్తే నిదానంగా ఉంటుంది. తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు, ఉప్పుకాగితంతో రుద్దేటప్పుడు ముక్కుకి మాస్కు ఉండాలి. మూలల్లో నింపడానికి ఇందులో చెక్కపొడి కలిపి ముద్ద చేస్తారు. ఎంత చిక్కగా ఉండాలని పుస్తకాల్లో నానారకాల పోలికలున్నాయి. మా ఇంట్లో రెండే మాటలు, గుడ్డ మీద పూసేది దోసెల పిండి, మూలల్లో పెట్టేది గారెల పిండి. ఆ మాట అంటే మనవరాలు కూడా సరిగ్గా కలిపేది. ముద్దని గరిటె వెనకభాగంతో ఒక్క తీతలో నునుపు చెయ్యాలి. దాని మీద గాజు నార పట్టీ. ఆ పట్టీలు వేశాక పడవకి కుట్టు అవసరం తీరిపోతుంది, తీగలు కత్తిరించేశాం.

ఇక్కడికి వచ్చాక మా ఆవిడ ఒక ప్రశ్న అడిగింది. అందరూ అడిగేది "మునిగితే?" అని. ఆమె అట్లా అడగలేదు. "ఇది నిండా నీళ్ళతో నిండాక లోపల మనిషి కూచోగలడా?" అంది. నా లెక్క ప్రకారం ముందూ వెనకా మూసేసిన గాలి పెట్టెలు కలిపి 70 లీటర్లు. పడవ మునగదు, పక్కన నీళ్ళలో ఉండి అంచు పట్టుకోవచ్చు అని చెప్పాను. చాలా పడవలకి అంతే చాలు.

"పట్టుకుని వేళ్ళాడ్డం కాదండీ" అంది. "చెట్లు పట్టుకుని వేళ్ళాడినవాళ్ళుంటారు. చేతులు ఎంతసేపని ఆగుతాయి? కూచోవాలి."

దానికి జవాబు లెక్కలోనే ఇవ్వాలి. గాలి పెట్టెలు 120 లీటర్లకి పెంచితే, నిండిన పడవలో ఇద్దరు పెద్దవాళ్ళు నడుం లోతు నీళ్ళలో కూచున్నా అంచు పైకే ఉంటుంది. అయితే ఆ అదనపు చెక్క, జిగురు కలిసి కిలో తొమ్మిది వందల గ్రాములు. అప్పటికే మా పుస్తకంలో మొత్తం 26కి ఆనుకుని ఉంది. ఆ పుస్తకం సంగతి చెప్పలేదు కదూ! పడవలోకి వెళ్ళే ప్రతి వస్తువునీ సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసుతో తూచి మనవరాలు రాసేది. చెక్క, జిగురు, గుడ్డ, బద్ద, రంగు అని తెలుగులోనే. అమ్మమ్మ చెబితే అది రాసేది. 'గుడ్డ'లో డ్డ వత్తు ఎప్పుడూ పక్క వరసలోకి జారిపోయేది. ఒక్కొక్క గీతా గ్రాముల్లో విలువున్న గీత కాబట్టి, వారపు బడిలో నేర్చుకోని అక్షరాలు ఇక్కడ కూచున్నాయి.

రెండు రాత్రులు ఆ పుస్తకం ముందేసుకుని కూచున్నాం. వెనక గాలి పెట్టె పెద్దదైంది గనక దాని మూతే కూచునే బల్ల అవుతుంది. విడిగా అనుకున్న వెనక బల్ల తీసేశాం, 1,100 గ్రాములు వచ్చాయి. అంచు బద్ద ఒకే నిండు కర్రగా కాకుండా రెండు సన్నని బద్దలు పెట్టి మధ్య చిన్న చిన్న దిమ్మలు పెట్టాం. బిగువు అంతే, బరువు 600 గ్రాములు తక్కువ. పైగా పడవ బోర్లిస్తే నీళ్ళు ఆ సందుల్లోంచి కారిపోతాయి. లోపల వార్నిష్ ఒక పూత మానేస్తే ఇంకో 200. అంటే పందొమ్మిది వందలు ఇచ్చి పందొమ్మిది వందలు తెచ్చుకున్నాం. ఇంజనీరుగా పెద్ద పెద్ద పనులు చేశాను గాని, ఇంత కచ్చితంగా కుదిరిన లెక్క నాకు గుర్తులేదు. ఆమె అడగకపోతే నా దోనెలో పనికిమాలిన బల్ల ఒకటి మిగిలిపోయి ఉండేది.

బ్రాడ్స్ మీద పడవ వెయ్యాలంటే టోలు కట్టి నంబరు వేయించుకోవాలి. అది అయ్యాక ఆఖరి తూకం. త్రాసుకి ముందు కొస వేలాడదీస్తే 11.9, వెనక కొస 14.5. మొత్తం 26.4. నాలుగు వందల గ్రాములు ఎక్కువే, కాని ఆ ఎక్కువంతా నా వైపే పడింది. ముందు కొస ఆమెది. పన్నెండు కిలోలు లేవు. కారు మీదికి ఇద్దరం ఎత్తాం. ఎవరికీ ఫోను చెయ్యలేదు.

జూలైలో ఒక మంగళవారం, జనం లేని చోట, తొడ లోతు నీళ్ళలో పరీక్ష. లైఫ్ జాకెట్లు వేసుకుని నేనూ అల్లుడూ ఎక్కి కూచున్నాం, ఇద్దరం కలిసి 157 కిలోలు. మనవరాలు బకెట్టుతో నీళ్ళు తోడి లోపల పోసింది. అంచుదాకా నిండేసరికి మాకు నడుం దాకా నీళ్ళు వచ్చాయి. ఇంగ్లీషు జూలై నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. అంచు మాత్రం నాలుగు వేళ్ళ మందం పైనే నిలబడింది. మా ఆవిడ ఒడ్డున ప్లాస్కు పట్టుకుని నిలబడి, "ఇంకాసేపు కూచోండి" అంది. పది నిమిషాలు కూచున్నాం. "ఒక పక్కకి ఒరగండి" అంది. ఒరిగాం. "రెండో పక్కకి" అంది. అల్లుడి పళ్ళు కటకటలాడుతున్నాయి, కాని అత్తగారు చెబుతున్నారు కాబట్టి ఒరిగాడు. ఆవిడ అప్పుడు చెప్పులు విప్పి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, మోకాళ్ళ దాకా నీళ్ళలోకి వచ్చి, ముందు అంచు మీద చెయ్యి వేసి రెండుసార్లు కిందికి నొక్కి చూసింది. అది లేచింది. ఏమీ అనకుండా ఒడ్డుకి వెళ్ళిపోయింది.

ఆ వేసవిలో మనవరాలు పదిహేడుసార్లు తెడ్డు వేసింది. ప్రతిసారీ అమ్మమ్మ ముందు కొస మోసుకొచ్చింది, నీళ్ళలో పెట్టింది, ఒడ్డున కుర్చీ వేసుకుని తాడు చివర చేతికి చుట్టుకుని కూచుంది. ఆగస్టు ఆఖరుకి ఆ తాడు అరవై అడుగులదాకా పెరిగింది. ఎక్కలేదు. నేను ఎక్కమనీ అనలేదు.

వచ్చే వేసవికి తెరచాప కావాలని మనవరాలు ఉత్తరం రాసింది, తెలుగులో, వత్తులు సరిగ్గా పెట్టి. తెరచాప, కొయ్య, చుక్కాని, నీళ్ళలోకి దించే కత్తి పలక అన్నీ కలిపితే నాలుగు కిలోల పైనే తేలుతోంది. అవి విడిగా తీసి మొయ్యచ్చు కాబట్టి ఆ పదమూడు కిలోల ఒప్పందానికి భంగం లేదని నా వాదన. మా ఆవిడ ఇంకా పరిశీలిస్తోంది. తెరచాప గుడ్డ కత్తిరింపు ఎవరు చేస్తారన్నది కూడా తేలాలి.

మీలో ఎవరికైనా కట్టుకోవాలనుంటే అట్ట నమూనా కొలతలు ఇస్తాను, వచ్చే ఉగాది సభలో అడగండి. శుభలేఖలు మీవి మీరే తెచ్చుకోవాలి.